కుటుంబసభ్యులకు అప్పగించే ముందు

(ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం సందర్భంగా పోలీసు, అగ్నిమాపక, 108 సిబ్బందికి జరిగిన శిక్షణలో ఒక మానసిక వైద్యుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. అందుకే ఉపోద్ఘాతం లేకుండా అసలు విషయానికి వస్తాను.

జిల్లా పేపర్లో మనం తరచూ ఒక వార్త చదువుతుంటాం. ఫలానా చోట ప్రాణం తీసుకోబోయిన యువకుణ్ణి పోలీసులు సకాలంలో కాపాడారు. వార్త చివర్లో ఎప్పుడూ అదే వాక్యం ఉంటుంది: 'కౌన్సెలింగ్ ఇచ్చి కుటుంబసభ్యులకు అప్పగించారు.' కాపాడినందుకు మీకు చేతులెత్తి మొక్కాలి. అత్యవసర నంబరు 112కి ఫోన్ వచ్చిందే ఆలస్యం, సెల్ లొకేషన్ పట్టుకుని, బండి తీసుకుని, ఎండనక వాననక వెతికి మనిషిని ప్రాణాలతో తెచ్చేవాళ్లు మీరు. ఆ పనిలో మీకు నేను నేర్పగలిగింది లేదు. నా దిగులంతా ఆ చివరి వాక్యం గురించే. కౌన్సెలింగ్ అంటున్నాం, అందులో ఏం మాట్లాడాం? అప్పగించాం, ఎవరికి? వారం తిరిగేసరికి ఆ మనిషి ఎలా ఉన్నాడు, ఎవరైనా అడిగారా?

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ప్రయత్నం చేసి బతికినవాళ్లు దీనికి ఎన్నో రెట్లు ఉంటారు. ఒకసారి ప్రయత్నించి బయటపడ్డవాళ్లకే మళ్లీ ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ పదే పదే చెబుతోంది. అంటే మీరు ఎవరిని కాపాడి జీపు ఎక్కిస్తున్నారో, అందరికంటే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాల్సింది ఆ మనిషినే. 'కేసు క్లోజ్' అని మనం ఊపిరి పీల్చుకునే చోటే అసలు పని మొదలవుతుంది.

దీనికి మీలో కొందరు నాతో ఒక మాట అంటుంటారు. 'చావాలనుకున్నవాణ్ణి ఎన్నాళ్లు ఆపుతాం సార్? ఇవాళ కాకపోతే రేపు.' అలా అనుకోవడం తప్పు అని గట్టిగా చెప్పడానికి ఆధారం ఉంది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1937 నుంచి 1971 వరకు ఒక వంతెన దగ్గర ఆపి, వెనక్కి తెచ్చిన 515 మంది ఆ తర్వాత ఏమయ్యారో రిచర్డ్ సీడెన్ అనే పరిశోధకుడు ఆరా తీశాడు. 1978లో ఫలితం ప్రచురించాడు. వాళ్లలో దాదాపు 94 శాతం మంది అప్పటికి బతికే ఉన్నారు, లేదా సహజంగా కన్నుమూశారు. చావాలన్న ఆ తెగింపు చాలామందిలో కొద్ది నిమిషాలో కొద్ది గంటలో ఉంటుంది. ఆ కాసేపు పక్కన మనిషి ఉంటే బతుకు నిలబడుతుంది. మీరు ఆపింది ఒక రోజును కాదు, చాలాసార్లు ఒక జీవితకాలాన్ని.

ఇక మాటల దగ్గరికి వద్దాం.

అక్కడికి చేరగానే సైరన్ ఆపేయండి. గుంపును వెనక్కి పంపండి, సెల్‌ఫోన్లు లోపల పెట్టించండి. ఆ మనిషితో మీలో ఒక్కరే మాట్లాడాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి అరిస్తే మామూలు మనిషికే బుర్ర పనిచేయదు. ఎవరు మాట్లాడాలన్నది ర్యాంకును బట్టి తేల్చకండి. ఎస్సై గారికంటే హోంగార్డు మాటే అతను వింటున్నాడంటే హోంగార్డునే మాట్లాడనివ్వండి.

'తమ్ముడూ, నేను పోలీసునే. నిన్ను పట్టుకుపోవడానికి రాలేదు, నీతో మాట్లాడదామని వచ్చాను. నీ పేరు చెప్తావా? కొంచెం దగ్గరికి రావచ్చా?' ఇంతే. ఒప్పుకుంటే ఒక అడుగు. వద్దంటే అక్కడే కూర్చోండి, నిలబడి పైనుంచి మాట్లాడకండి. జవాబు రాకపోతే కంగారుపడి ఇంకో ప్రశ్న వేయకండి, ఆగండి. ఆ మౌనం మీకు బరువుగా ఉంటుంది కానీ, అతను మాట కూడదీసుకుంటున్నది ఆ కాసేపట్లోనే.

మనకు నోటికి వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. 'నీకేం తక్కువైందిరా?' 'ఇంత చిన్నదానికే చచ్చిపోతారా?' 'మీ అమ్మ ముఖం చూడు, ఆమె ఏమైపోవాలి?' ఈ చివరిది మంచి మనసుతోనే అంటాం. కానీ చాలామంది ఆ అంచుకు చేరేసరికి 'నేను అందరికీ భారం, నేను పోతేనే అమ్మకు సుఖం' అని గట్టిగా నమ్మి ఉంటారు. అమ్మ పేరు ఎత్తితే ఆ నేరభావం ఇంకాస్త పెరుగుతుంది. అతనే అమ్మ గురించి చెబితే అప్పుడు అందుకోండి. 'అమ్మంటే నీకు చాలా ప్రేమలా ఉందే, ఆమె గురించి చెప్పు' అనండి. అదే అమ్మ, కానీ ఈసారి దారం అతని చేతిలో ఉంది.

అడగడానికి మనం జంకే ప్రశ్న ఒకటుంది. 'చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అని సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. అలా జరగదని పరిశోధనలు తేల్చాయి. పైగా 'హమ్మయ్య, ఒకరికైనా అర్థమైంది' అన్న ఊరట కలుగుతుంది. 112కి ఫోన్ చేసి 'నా బతుక్కి అర్థం లేదు', 'ఇక సెలవు' లాంటి మాటలు అంటున్నవాళ్లతో కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లు కూడా ఈ ప్రశ్నే అడగాలి.

ఇంకో అలవాటు మానుకోవాలి. కిందికి దించే హడావిడిలో 'నీ అప్పు నేను తీరుస్తా', 'ఆ అమ్మాయితో పెళ్లి నేను జరిపిస్తా' అని మాట ఇచ్చేస్తాం. దిగాక అది జరగదు. అంతకుముందే లోకం మీద నమ్మకం పోయినవాడికి మనం ఇంకో అబద్ధం జత చేసినట్టవుతుంది. చేయగలిగింది మాత్రమే చెప్పండి, అది తక్కువేమీ కాదు. లోన్ యాప్ వాళ్లు ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తున్నారా? 'సైబర్ నేరాల నంబరు 1930కి ఇప్పుడే కలిసి ఫిర్యాదు చేద్దాం, నేను పక్కనే ఉంటా' అనండి. డాక్టరుగా నేను ఎన్ని మందులు రాసినా ఆ ధైర్యం ఇవ్వలేను. ఖాకీ చొక్కా ఇవ్వగలదు.

తాగి ఉన్నవాళ్ల విషయం వేరుగా చెప్పాలి. మత్తులో వాదన ఎక్కదు. చిన్న చిన్న మాటలు, మెల్లగా, అవసరమైతే పదిసార్లు చెప్పిందే చెప్పండి. 'తాగి వాగుతున్నాడు, పొద్దున్నే దిగిపోతుంది' అని వదిలేయకండి. మత్తు దిగేదాకా ఒంటరిగా ఉంచకూడదు. దిగాక మళ్లీ అడగాలి.

108 వాళ్లకు కొన్ని మాటలు. 2005లో ఈ సేవ మొదలైంది మన హైదరాబాద్‌లోనే, దేశానికి మనం చూపించిన దారి అది. పల్లెల్లో ఎవరైనా పురుగుమందు తాగారని ఫోన్ వస్తే, మీరు వెళ్లేలోపే ఉప్పునీళ్లు పట్టించి వాంతులు చేయించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి కొత్త ప్రమాదం తెస్తుంది. కాబట్టి ఫోన్‌లోనే ఆపండి, ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టమనండి. 'బాగానే ఉన్నాడు, ఆస్పత్రి ఎందుకులే' అన్నా వినకండి. కొన్ని మందులకు మొదటి రోజు పైకి ఏమీ కనిపించదు.

మొన్నామధ్య ఒక ఈఎంటీ (108 బండిలో అత్యవసర వైద్యం చేసే ఉద్యోగి) అమ్మాయి పేషెంటును స్ట్రెచర్ మీద నుంచి దించుతూనే నాకు రెండు అందించింది. ప్లాస్టిక్ కవర్లో సీసా, నోట్‌బుక్ చింపిన కాగితం. కాగితం మీద వంకరటింకర అక్షరాలతో, బండి కుదుపుల్లో రాసింది: 'సాయంత్రం నాలుగు ప్రాంతంలో. ఖాళీ కడుపు. దారిలో రెండుసార్లు వాంతి. చెల్లెలి మాట ఎత్తితే ఏడుస్తోంది. మామగారు పక్కనుంటే నోరు విప్పడం లేదు.' మొదటి మూడు ముక్కలు ప్రాణం నిలబెట్టడానికి పనికొచ్చాయి. చివరి రెండూ లేకపోతే ఆ పిల్ల కథ మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ముందు మామగారిని బయటికి పంపాం, తర్వాత చెల్లెలికి కబురు పెట్టాం. ఆ ఈఎంటీ అమ్మాయి చేసింది పుస్తకాల్లో ఉన్న ట్రీట్‌మెంటు కాదు. దారి పొడుగునా పేషెంటును మనిషిగా చూసింది, అంతే. అలాంటి కాగితం ప్రతి బండిలోంచీ రావాలని నా కోరిక.

కుటుంబాలు మా దగ్గర నిజం దాచడానికి పెద్ద కారణం కేసు భయం. 'టాబ్లెట్లు పొరపాటున వేసుకుంది' అంటారు, ఏం వేసుకుందో చెప్పరు, అమూల్యమైన గంటలు పోతాయి. కాబట్టి ఈ సంగతి మీ నోటితో, ఇంటి గుమ్మం దగ్గరే చెప్పండి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే చట్టం భావిస్తుంది. శిక్షించడం కాదు, వైద్యం అందించి మళ్లీ నిలబెట్టడం ప్రభుత్వ బాధ్యత. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 లాంటి సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని విధుల్లో బలవంతపెట్టడానికో అడ్డుకోవడానికో చేసే ఆత్మహత్యాయత్నానికి 226వ సెక్షన్ మాత్రం ఉంది, దాన్ని ప్రతివాళ్ల మీదా బెదిరింపుగా వాడకండి. ఆస్పత్రిలో ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేయాల్సిన మెడికో లీగల్ కేసు) రాయడమంటే బాధితుడి మీద కేసు పెట్టడం కాదని కూడా చెప్పండి. మానసిక జబ్బు వల్ల తనకు తాను హాని చేసుకునేలా ఉన్న మనిషిని మీరు రక్షణలోకి తీసుకుంటే, అదే చట్టం 100వ సెక్షన్ ప్రకారం లాకప్‌లో పెట్టడానికి వీల్లేదు. 24 గంటల్లోపు ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి.

ఇప్పుడు అప్పగింత. అప్పగించే ముందు ఆ మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి: 'ఎవరిని పిలిపించమంటావు? ఎవరి దగ్గరికి వెళ్తే నీకు ధైర్యంగా ఉంటుంది?' మనం రికార్డు కోసం తండ్రినో భర్తనో పిలిచి సంతకం పెట్టించుకుంటాం. ఏ ఇంటి నుంచి పారిపోయి వచ్చిందో అదే ఇంటికి, ఎవరి దెబ్బలకు భయపడి వచ్చిందో వాళ్ల చేతికే ఆమెను తిరిగి ఇస్తున్నామేమో చూసుకోవాలి. ఆడపిల్ల అయితే మహిళా కానిస్టేబుల్ మాట్లాడాలి. ఇల్లు భద్రం కాదనిపిస్తే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, బాధిత మహిళలకు ఆసరా ఇచ్చే సఖి కేంద్రం ఉంది. ఇంటర్ ఫలితాల రోజుల్లో పిల్లవాణ్ణి అప్పగిస్తుంటే మీ కౌన్సెలింగ్ కావలసింది పిల్లవాడికి కాదు, తండ్రికి. 'ఇంటికెళ్లాక ఈ విషయం మీద ఒక్క మాట అనను' అని ఆయన చేత అనిపించండి. మీరు చెబితే వింటాడు.

కుటుంబాన్ని అడగాల్సింది ఇంకొకటుంది. ఇంట్లో పురుగుమందు, నిల్వ ఉన్న టాబ్లెట్లు ఎక్కడ ఉన్నాయి? కొన్నాళ్లపాటు తాళం వేసి, తాళం చెవి ఇంకొకరి దగ్గర ఉంచమనండి, లేదా వేరే ఇంటికి చేర్చమనండి. ఇది చాదస్తం కాదు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను అంచెలంచెలుగా నిషేధిస్తూ వచ్చాక, 1995 నుంచి 2015 మధ్య ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. అందుబాటులో లేకపోతే ఆ గండం గడిచిపోతుంది. చాలామంది మరో దారి వెతుక్కోరు.

ఆ తర్వాత ఫోన్. నన్ను అడిగితే మొత్తం పనిలో ఎక్కువ ఫలితం, తక్కువ ఖర్చు ఇక్కడే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఒక అధ్యయనం చేసింది, అందులో మన చెన్నై కూడా ఒకటి. ప్రయత్నించి ఆస్పత్రికి వచ్చిన 1,867 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి అదనంగా ఒక గంట తీరిగ్గా మాట్లాడి, తర్వాత 18 నెలల్లో 9 సార్లు ఫోన్ చేసో ఇంటికి వెళ్లో పలకరించారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం మామూలు వైద్యం పొందినవాళ్లలో ఆత్మహత్యతో చనిపోయినవాళ్లు 2.2 శాతం, పలకరింపు అందినవాళ్లలో 0.2 శాతం. ఖరీదైన మందు లేదు, స్కానింగ్ లేదు. 'ఎలా ఉన్నావు? ఆస్పత్రికి వెళ్లావా? నిద్ర పడుతోందా?' అని అడిగే ఒక గొంతు చాలు.

స్టేషన్ రిజిస్టర్లో అప్పగించిన తేదీ రాస్తాం కదా, దాని పక్కనే ఇంకో గడి గీయండి: మళ్లీ ఎప్పుడు పలకరించాలి, ఎవరు. అతని అనుమతి తీసుకునే రాయండి. బీట్ కానిస్టేబుల్ కావచ్చు, ఆ ఊరి ఆశా కార్యకర్త కావచ్చు. పలకరింపుతో పాటు 14416 నంబరు అతని ఫోన్‌లో సేవ్ చేసి ఇవ్వండి. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అది, ఫోన్‌లో మానసిక సాయం అందించే ప్రభుత్వ సేవ. ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఇచ్చే ముందు మీరే ఒకసారి ఫోన్ చేసి ఎలా పలుకుతారో వినండి. అప్పుడు నమ్మకంగా చెప్పగలుగుతారు.

కాపాడిన వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ఆపేయాలి. మీ మంచి పని పదిమందికి తెలియాలన్న ఆశ నాకు అర్థమవుతుంది. కానీ ఆ ముఖం ఊళ్లో అందరికీ తెలిసిపోతే ఆ మనిషి రేపు కిరాణా కొట్టుకు కూడా వెళ్లలేడు.

అన్నిసార్లూ సమయానికి అందలేరు. చేతికి అందినట్టే అంది జారిపోయిన మనిషి రాత్రుళ్లు కళ్లముందు కనిపిస్తుంటే, అది మీ చేతకానితనం కాదు. మందు గ్లాసుతో దాన్ని అణచుకోకండి. డ్యూటీ అయ్యాక టీమ్ అంతా పావుగంట కూర్చుని జరిగింది మాట్లాడుకోండి. ఆ 14416 మీకు కూడా. నా ఓపీ గది తలుపు మీకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వచ్చినట్టు ఎవరికీ చెప్పను.

టీ తాగాక ఇద్దరిద్దరుగా కూర్చుందాం. ఒకరు పోలీసుగా, ఒకరు ఆ అంచున ఉన్న మనిషిగా నటించాలి. 'చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అన్న ప్రశ్నను ప్రతి ఒక్కరూ నోటితో పైకి అడగాలి. మొదటిసారి గొంతు పెగలదు. ఆ ఇబ్బందేదో ఇక్కడే పడదాం. పోలీసులు 108 వాళ్లతో, ఫైర్ వాళ్లు హోంగార్డులతో జతకట్టండి. రేపు అక్కడ కలిసి పనిచేయాల్సింది మీరే.