జాక్ రసెల్ ఎందుకంత చిన్నదో తెలుసా?

నమస్కారమండీ. "చిన్న కుక్కేనండి, ఓ మూల పడుంటుంది" అనుకుని జాక్ రసెల్ టెరియర్‌ని తెచ్చుకుంటారు. నాలుగు నెలలు తిరక్కుండానే దొడ్లో బంతిమొక్కలు వేళ్ళతో సహా పైకొస్తాయి. "దీనికి పిచ్చండి, ఎవరికైనా ఇచ్చేస్తాం" అంటారు. ఆ మాట వింటే బాధేస్తుందండి. పిచ్చి కాదు, దాని పని అది చేసుకుంటోంది.

సార్వా చేలో ఎలుకలు పడితే గట్టు మీద కన్నానికి పొగబెడతారు కదా? ఎలుక ఇంకో కన్నంలోంచి బయటికి ఉరుకుతుంది. జాక్ రసెల్ అంటే ఆ పొగేనండి. ఇంగ్లండులో డెవాన్ ప్రాంతపు చర్చి గురువు జాన్ రసెల్ (1795–1883) నక్కల వేట కోసం ఇలాంటి కుక్కల్ని పెంచాడు. నక్క బొరియలో దాక్కుంటే ఇది లోపలికి దూరి తరమాలి. చంపడం దీని పని కాదు. లోపల ఎక్కడుందో పైవాళ్ళకి తెలియాలి కాబట్టి ఆగకుండా మొరగాలి. మీ ఇంట్లో వినపడే మొరుగుడు అదే.

(కుక్కని బల్ల మీద నిలబెట్టి)

ఇది చూడండి. ముందుకాళ్ళ వెనక ఛాతీని రెండు చేతులతో చుట్టాను. పైన బొటనవేళ్ళు, కింద మిగతా వేళ్ళు కలిశాయి. చుట్టుకొలత 40–43 సెంటీమీటర్లు. అంతకంటే లావైతే బొరియలో ఇరుక్కుపోతుంది. ఎత్తు 25–30 సెంటీమీటర్లు, బరువు 5–6 కిలోలు. నెలకోసారి ఇలా పట్టి చూడండి. పెరుగన్నం ఎక్కువైతే ముందు ఇక్కడే తెలిసిపోతుంది.

పొగ సందున్న చోటల్లా దూరుతుంది, ఈ కుక్కా అంతే. గేటు కింద నాలుగు వేళ్ళ ఖాళీ ఉన్నా తవ్వి పెద్దది చేసుకుంటుంది. కంచె వెంట ఇనప జాలీని అడుగు లోతున పాతి, ఇంకో అడుగు లోపలివైపు మడవండి. తవ్వినప్పుడు కాళ్ళకి జాలీయే తగులుతుంది.

తవ్వడం మాన్పించలేరు, చోటు మార్చగలరు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుంటలో ఇసుక నింపండి. మన ఒండ్రు మట్టి తడిస్తే గోళ్ళ మధ్య బంకలా పట్టేస్తుంది, ఇసుకైతే దులిపితే పోతుంది. మొదటిరోజు అది ఆడుకునే బంతిని సగం కనపడేలా పాతండి, రోజురోజుకీ లోతు పెంచండి. దొరికిన ప్రతిసారీ మెచ్చుకోండి.

అసలు భయం ఎలుకల మందు. పొగని వెనక్కి పిలవలేం కదా, వాసన తగిలాక దీన్నీ అంతే. చేలగట్టు మీద పొడవాటి తాడు లేకుండా వదలొద్దు. బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు కలిపిన ఎర తింటే రెండుమూడు రోజులు హుషారుగానే ఉంటుంది. తర్వాత చిగుళ్ళు పాలిపోతాయి, లోపల రక్తం కారుతుంది. విటమిన్ కె1 దీనికి విరుగుడు, వారాల తరబడి వాడాలి. జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందుకి మాత్రం విరుగుడు లేదు. అన్నం పెట్టొద్దు, కడుపులో ఆమ్లం ఊరి విషవాయువు ఇంకా పుడుతుంది. మందు పొట్లంతో నేరుగా పశువైద్యుడి దగ్గరికి వెళ్ళండి. మందు తిని చచ్చిన ఎలుకని తిన్నా ప్రమాదమే.

టైమైపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎలుకల మూత్రం కలిసిన వాననీళ్ళతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, ఆ టీకా ఏటా వేయించాలి. రోజుకో గంట పరుగు కావాలి, వేసవిలో అయితే ఎండెక్కక ముందే. కోడిపిల్లల దగ్గర ఒంటరిగా వదలొద్దు. పరిగెత్తే చిన్నపిల్లల మడమలు పట్టుకుంటుంది, పక్కన పెద్దవాళ్ళుండాలి. కొనేముందు తల్లిని చూడండి, కళ్ళు, చెవులు పరీక్ష చేయించారా అని అడగండి. ఈ జాతిలో కంటి లెన్సు జారడం, చెవుడు వంశపారంపర్యంగా వస్తాయి.