జనరేటర్ కొనేముందు మోటారు ప్లేటు చూడండి

నేను: అందరికీ నమస్కారం, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. అక్టోబర్ వస్తోందంటే మన గజపతి జిల్లాలో 2018 నాటి తిత్లీ తుఫాను గుర్తురాని ఇల్లు ఉండదు. అందుకే మోటార్లు, జనరేటర్లు బాగుచేసే మా మావయ్యను కూర్చోబెట్టాను. మావయ్యా, ఇంటికి ఎన్ని కేవీఏల జనరేటర్ కావాలి?

మావయ్య: కేవీఏ అంటే జనరేటర్ ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే కొలత. ఏమేం నడవాలో ముందు చెప్పమ్మా, కేవీఏ తర్వాత. తిత్లీ అప్పుడు నేనే తప్పు చేశాను. ఒక కేవీఏ జనరేటర్‌కి ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు తగిలించాను. స్విచ్ వేయగానే ఇంజిన్ గొంతు పట్టేసినట్టయింది, హాల్లో బల్బు మిణుకుమంది, మోటారు మూలిగిందే గానీ తిరగలేదు.

నేను: ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా?

మావయ్య: అది మోటారు ఇచ్చే బలం. అది తీసుకునే కరెంటు దాదాపు వెయ్యి వాట్లు, ఆగి ఉన్నది కదలాలంటే ఆ మొదటి క్షణంలో మూడు నాలుగు రెట్లు లాగుతుంది. ఫ్రిజ్ కంప్రెసర్ కూడా అంతే, నడిచేటప్పుడు నూటయాభై వాట్లే అయినా స్టార్టింగ్‌లో చాలా ఎక్కువ అడుగుతుంది. పైగా కేవీఏ అంతా వాట్లు కాదు, మామూలుగా 0.8తో గుణించుకో, 2 కేవీఏ అంటే 1600 వాట్లు.

నేను: మరి మా ఇంటికి?

మావయ్య: మూడు ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు. ఐదు ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్లు, వైఫై, అన్నీ కలిపి మూడు వందలు దాటవు. దానికి ఫ్రిజ్ కలిపినా 2 కేవీఏ సరిపోతుంది. ఒక హెచ్‌పీ మోటారు కూడా దాంతోనే నడవాలంటే మాత్రం కుదరదు, అంతకంటే చాలా పెద్దది కొనాలి. నా మాట విని తుఫాను హెచ్చరిక రాగానే, కరెంటు ఉండగానే నీళ్ల ట్యాంకు నింపేసుకో, దానికి పైసా ఖర్చు లేదు.

నేను: పెట్రోల్ సంగతి?

మావయ్య: అసలు టెన్షన్ అక్కడే. ఈ సైజుది గంటకు సుమారు లీటరు తాగుతుంది, కరెంటు లేకపోతే బంకులూ ఆగిపోవచ్చు. అందుకే పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఫ్రిజ్ నడిపి, మిగతా సమయం తలుపు తీయకుండా ఉంచు.

నేను: వానలో లోపల పెట్టుకోవచ్చా?

మావయ్య: వద్దు తల్లీ, వద్దు! వరండాలో కూడా వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. బయట, కిటికీలకు దూరంగా, పైన మాత్రం తడవకుండా చూసుకో. ఇంకొకటి, జనరేటర్ వైరు తెచ్చి గోడ సాకెట్‌లో గుచ్చే అలవాటు మానేయాలి. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దాటి హైటెన్షన్ లైనుకు ఎక్కుతుంది, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మెన్ దానికి బలైపోతాడు. ఎలక్ట్రీషియన్‌తో ఛేంజోవర్ స్విచ్ పెట్టించు, అది ఇంటికి లైను కరెంటో జనరేటర్ కరెంటో ఒక్కటే అందేలా చూస్తుంది.

నేను: సరే మావయ్యా, ఈ వారమే కొంటాను.

మావయ్య: ఆగు, ముందు మీ మోటారు మీద వివరాలు రాసి ఉండే ప్లేటు, ఫ్రిజ్ వెనక స్టిక్కర్ ఫొటో తీసి పంపు. చూసి చెబుతాను.