క్యారియర్ ఉన్న సైకిల్: నెల రోజులు ఆఫీసుకి, కూరగాయలకి

అందరికీ నమస్కారం. ఈ సైకిల్ ఒక కంపెనీ వాళ్లు నెల రోజులు వాడి చూడమని ఉచితంగా పంపారు. ఏం చెప్పాలో మాత్రం నా ఇష్టమే. గేర్లెన్ని, బరువెంత అనేవి మీరు ఇప్పటికే చూసే ఉంటారు, వాటి జోలికి పోను. నేను మాట్లాడేది వెనకున్న ఈ క్యారియర్ గురించి.

ఇంతకుముందు వాడిన రెండు సైకిళ్లకీ క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు. స్టాండు కూడా విడిగా కొన్నా. వానాకాలం ఆఫీసుకెళ్తే వీపంతా బురద. బ్యాగు భుజాన తగిలించుకుంటే చొక్కా తడిసి ముద్ద. అలా అవి మెల్లగా ఆదివారం సైకిళ్లు అయిపోయాయి. మా నాన్న సైకిల్ అలా కాదు. బియ్యం బస్తా దాని మీదే, గ్యాస్ సిలిండర్ దాని మీదే, నన్ను బడికి దింపేదీ దాని మీదే. ఇదిగో, ఆ పాత స్ప్రింగు క్లిప్పే దీనికీ ఇచ్చారు! ల్యాప్‌టాప్ బ్యాగు, కూరగాయల సంచి, ఒకరోజు పది కిలోల బియ్యం పెట్టా. గుంతల్లో కూడా జారలేదు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో తెరిచిన సోలార్ ట్రాక్ మీదా తొక్కా. 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, 16 మెగావాట్ల సోలార్ పలకలే పైకప్పు. మిట్టమధ్యాహ్నం నీడలో పోతుంటే మన ఊరేనా అనిపించింది. అయితే నేను వెళ్లిన రోజుల్లో క్యారియర్ మీద సంచితో ఒక్కరూ కనపడలేదు, అందరూ వ్యాయామానికి వచ్చినవాళ్లే. ట్రాక్ దాకా చేరాలంటే కార్ల మధ్యలోంచే రావాలి కదా, పాలకీ కూరగాయలకీ ఎవరొస్తారు? అంత మంచి ట్రాక్, నాకు బాధేసింది.

మన ఎండల్లో ఎవరు తొక్కుతారండీ అంటారు. స్పెయిన్‌లో సెవిల్లా ఊళ్లో కూడా వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ 2006 నుంచి రోడ్డు పక్క పార్కింగ్ జాగాలు తీసేసి, రెండు మూడేళ్లలో దాదాపు 80 కిలోమీటర్ల సైకిల్ దారులు వేశారు. కార్లు రాకుండా వేరు చేశారు. ముఖ్యంగా, ఏ దారీ మధ్యలో తెగిపోకుండా ఒకదానికొకటి కలిపారు. 2010కల్లా 120 కిలోమీటర్లయింది. సైకిళ్లు పెద్దగా లేని ఆ ఊళ్లో జనం కాలేజీకి, ఉద్యోగానికి తొక్కడం మొదలుపెట్టారు. మనకీ ముందు కావాల్సింది అదే: ఇంటి నుంచి బడికి, మార్కెట్టుకి, మెట్రో స్టేషన్‌కి తెగని దారి.

సైకిల్ సంగతికొస్తే, బెల్లు అస్సలు బాలేదు. ప్లాస్టిక్‌ది, పక్కన బస్సుంటే నాకే వినపడలేదు. తీసేసి స్టీలు బెల్లు బిగించా. సీటు, బ్రేకులు ఫర్వాలేదు.

నెల నిన్నటితో అయిపోయింది, వాళ్ల మనిషి తీసుకెళ్లడానికి వచ్చాడు. డబ్బు కట్టి ఉంచేసుకున్నా.