చెప్పుడు మాటలు నమ్మే కంప్యూటర్

శ్రోతలకు నమస్కారం. మా బావగారికి జిరాక్సు షాపు ఉంది. అద్దె అగ్రిమెంట్లు, అర్జీలు టైపు చేయడానికి అక్కడ విండోస్ ఎక్స్‌పీతో నడిచే పాత కంప్యూటర్ ఒకటి. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "ఇది లేని ఫ్లాపీ డ్రైవ్ ఉందంటోందయ్యా, ఎఫ్1 నొక్కితే గానీ కదలడం లేదు" అన్నారు. పాతకాలపు ఫ్లాపీ డిస్కులు చదివే ఆ డ్రైవ్ పాడైతే ఎప్పుడో పీకేశాం. తెలిసినాయన ఒకరు చూసి, భాగాలన్నీ అమర్చే పలక, అదే మదర్‌బోర్డు పోయింది, కొత్త కంప్యూటర్ కొనుక్కోండి అని తేల్చేశాడట.

వెళ్లి చూస్తే తేదీ కూడా ఏళ్ల వెనక్కి పోయి ఉంది. ఆ తేదీ చూడగానే దొంగ దొరికిపోయాడు.

తనలో ఏ భాగాలు ఉన్నాయో కంప్యూటర్ కళ్లతో చూడదు. కొన్నింటిని అడిగి తెలుసుకుంటుంది, కొన్నింటి విషయంలో రాసిపెట్టుకున్నదే నమ్ముతుంది. ఫ్లాపీ రెండో రకం. మదర్‌బోర్డు మీద సీమాస్ అనే చిన్న జ్ఞాపకం ఉంటుంది. తేదీ, డ్రైవ్‌ల వివరాలు అందులో ఉంటాయి. కరెంటు లేనప్పుడు దాన్ని బతికించేది రూపాయి బిళ్లంత బ్యాటరీ. పేరు సీఆర్ 2032, 3 వోల్టులు. ఆ అంకెలు దాని కొలతలే: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. బ్యాటరీ అయిపోతే రాసుకున్నదంతా చెరిగిపోయి, ఫ్యాక్టరీలో పెట్టిన లెక్క తిరిగి వస్తుంది. ఆ రోజుల్లో ప్రతి కంప్యూటర్‌కూ 1.44 ఎంబీ ఫ్లాపీ ఉండేది కాబట్టి, ఆ లెక్కలో అది ఉంటుంది.

స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా గోడ నుంచి పీకి, పక్క రేకు తీశాం. బిళ్ల పక్కనున్న క్లిప్పు నొక్కితే అదే పైకి లేచింది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టాం. వాచీలు బాగుచేసే కొట్లో కూడా దొరుకుతుంది. తర్వాత ఆన్ చేస్తూనే డిలీట్ మీట నొక్కుతూ సెటప్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే, సీమాస్‌లోని వివరాలు మార్చే తెరలోకి వెళ్లి, 'డ్రైవ్ A' దగ్గర 'నన్', అంటే ఏమీ లేదు అని పెట్టి, తేదీ సరిచేసి, ఎఫ్10తో సేవ్ చేశాం. కొన్ని కంప్యూటర్లలో డిలీట్ బదులు ఎఫ్2 ఉంటుంది. అంతే, లేని ఫ్లాపీ పోయింది.

అందుకే పాత కంప్యూటర్ ఏదైనా తప్పు చూపిస్తుంటే నేను ముందు సెటప్ తెర తెరుస్తాను. అక్కడే తప్పుంటే విండోస్ ఎన్నిసార్లు మళ్లీ ఎక్కించినా దండగ. అక్కడ సరిగ్గా ఉండి విండోస్‌లోనే తేడా వస్తే, స్క్రూడ్రైవర్‌తో పనిలేదు.

హార్డ్ డిస్కునే చూడండి. 160 జీబీ డిస్కును విండోస్ 149 అంటే కంగారుపడకండి. కంపెనీ వెయ్యితో లెక్కపెడితే విండోస్ 1024తో లెక్కపెడుతుంది, అంతే తేడా. అదే 127, 128 దగ్గర ఆగితే నిజంగానే తప్పు. పాత పద్ధతిలో డిస్కు చిరునామాకు 28 బిట్లే ఉండేవి. అంతకు మించిన గదులకు నంబరు ఇవ్వడం దానికి చేతకాదు. ఎక్స్‌పీకి 2002లో వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్ ఆ ఇబ్బంది తీర్చింది. సెటప్‌లోనే తక్కువ చూపిస్తే మాత్రం బయోస్, అంటే ఆ సెటప్ తెరను చూపించే మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్, అప్‌డేట్ కావాలి. మరి 32 జీబీయే చూపిస్తోందా? డిస్కు వెనక జంపర్, అంటే పిన్నులను కలిపే చిన్న తొడుగు, చూడండి. పాత బోర్డులు బెదిరిపోకుండా, కావాలనే తక్కువ చెప్పించే జంపర్ కొన్ని డిస్కులకు ఉంటుంది.

ర్యామ్ సగమే కనిపిస్తే, ప్లగ్గు పీకి, కార్డు తీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపి మళ్లీ గట్టిగా నొక్కండి. చాలాసార్లు అదే మందు.

ఇక విండోస్‌లో భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో 'అన్‌నోన్ డివైస్' అని ఉంటే, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరవండి. VEN అనే అక్షరాల తర్వాత అంకెలు, అక్షరాలు కలిపి నాలుగు కనిపిస్తే, అది తయారీదారు గుర్తు. 8086 ఉంటే ఇంటెల్. 1978 నాటి తమ ప్రాసెసర్ నంబరునే ముద్దుగా పెట్టుకున్నారు. 10ఈసీ అయితే రియల్‌టెక్. పక్కనే DEV తర్వాతి నంబరు కూడా రాసుకుంటే, ఏ డ్రైవర్, అంటే ఆ భాగాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్, కావాలో వెతకడం తేలిక. దొరికిన డ్రైవర్లన్నీ ఎక్కించేసే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం నేను పోను.

అన్నీ సరిగ్గా ఉన్నరోజే సెటప్ తెరలను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. బావగారు ఆ ఫోటోను ప్రింటు తీసి, కంప్యూటర్ పక్కనే గోడకు అంటించారు. ఫ్లాపీ డ్రైవ్ పీకిన కన్నంలో ఇప్పుడు రసీదు పుస్తకం ఉంటోంది. నమస్కారం.