ట్రెక్కింగ్ బూట్లకి గాలాడే సంచి, ఇంట్లోనే కుట్టుకుందాం

ముందు ఈ బూటు చూడండి. దగ్గరగా పెడతాను, ఒక్క క్షణం, ఫోకస్ అవ్వాలి. ఆ, వచ్చింది. కింద అట్టకీ పైన తోలుకీ మధ్యలో పసుపుపచ్చగా ఒక పొర ఉంది కదా, దాన్ని గోటితో గీకుతున్నాను. నెయ్యి తక్కువైన సున్నుండలా ఎలా రాలిపోతోందో చూడండి.

ఈ బూట్లు గట్టిగా పదిసార్లు కూడా వేసుకోలేదు. రెండు ట్రెక్కులకి వెళ్లాయి, తర్వాత నాలుగేళ్లు అటక మీదే ఉన్నాయి. అదీ ఊరికే పడేయలేదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, గాలి చొరబడకుండా టేపు వేసి మరీ దాచాను. మాది విశాఖపట్నం. ఇక్కడి గాలికి డబ్బాలో ఉప్పే నీరుకారిపోతుంది. అలాంటి ఊళ్లో చెమ్మని కూడా బూట్లతో పాటే లోపల పెట్టి సీలు వేశానన్నమాట. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ఎక్కుదామని సాంక్రి వెళ్లాం. రెండో రోజు మంచులో ఎడమ కాలి అట్ట ఆవులించింది. సాయంత్రానికి కుడిది కూడా. 12,500 అడుగుల శిఖరం అది. మిగతావాళ్లు పైకెళ్లి దిగొచ్చేదాకా నేను క్యాంపులో కూర్చుని బూటుకి నైలాన్ తాడు చుట్టుకుంటున్నాను.

ఆ మధ్య పొరని పీయూ అంటారు, పాలీయూరిథేన్. గాలిలో తేమ తగులుతూ ఉంటే అది లోపల్లోపలే విరిగిపోతుంది. హైడ్రాలిసిస్ అని పేరు. వాడకుండా దాచినా అరుగుతుంది, అదే దీంతో గొడవ. సంచి కుట్టినంత మాత్రాన అది పూర్తిగా ఆగిపోతుందని నేను చెప్పను. కాకపోతే చెమ్మని లోపల బంధించే పని మనం చేయకూడదు. అందుకే ఇవాళ కుట్టే సంచికి ఒకవైపు జాలీ కిటికీ ఉంటుంది. దుమ్ము పడదు, గాలి ఆడుతుంది, ప్రయాణంలో అట్టల బురద బట్టలకి అంటదు. అంతే మనకి కావలసింది.

సరే, సామాను. గుడ్డ, బ్యాగులు కుట్టేవాళ్లు వాడే మ్యాటీ. వెనకవైపు చూడండి, రబ్బరులా పూత ఉంటుంది. 58 అంగుళాల పన్నా దొరికితే అర మీటరు చాలు. పూర్ణా మార్కెట్ వైపు వెళ్తే దొరుకుతుంది, మీ ఊళ్లో అయితే బ్యాగులు రిపేరు చేసే ఆయన్ని అడగండి, ఆయన దగ్గర ముక్కలు కూడా ఉంటాయి. పాత జీన్స్‌తో కుట్టొచ్చా అని అడుగుతారు, తెలుసు. కుట్టొచ్చు, కానీ తడిస్తే ఆరదు, బరువు కూడా. గొడుగు గుడ్డ మరీ పల్చన, లేసులు తగిలించే ఈ ఇనప కొక్కేలు ఉన్నాయే, ఇవి చింపేస్తాయి.

జిప్ 5 నంబరు, నైలాన్‌ది. మీటరు లెక్కన అమ్ముతారు, రన్నర్, అంటే పట్టుకుని లాగే ముక్క, విడిగా. ఇత్తడి జిప్ అందంగానే ఉంటుంది, మా ఊళ్లో మాత్రం ఆర్నెల్లకి చిలుము పడుతుంది. జాలీ గుడ్డ ఒక చిన్న ముక్క. దోమతెర ముక్క వేసి చూశాను, కొక్కేనికి పట్టుకుని మొదటివారమే చిరిగింది. ఇది బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేసే నెట్ సంచి ఉంటుంది కదా, పాతది, దాన్ని కోశాను. పాలిస్టర్ దారం, 16 నంబరు సూది. పట్టుకోవడానికి నవారు పట్టీ ఒక అడుగు. గుండుసూదులు వద్దు. ఈ పూత ఉన్న గుడ్డకి సూది గుచ్చితే చిల్లు అలాగే ఉండిపోతుంది. తీగ మీద బట్టలకి పెట్టే క్లిప్పులు వాడండి, ఇవే, మా అమ్మ డాబా మీద వెతుక్కుంటున్న క్లిప్పులు ఇవే.

ఇప్పుడు కొలతలు. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే నా మొదటి సంచి ఇక్కడే పాడైంది.

బూట్లని ఇలా పక్కకి పడుకోబెట్టండి. ఒకదాని మడమ దగ్గర ఇంకోదాని ముక్కు రావాలి. ఇలా సర్దితే రెండూ కలిపి ఒక పెట్టె ఆకారం వస్తుంది. నావి 9 నంబరు బూట్లు. పొడవు పన్నెండున్నర, వెడల్పు తొమ్మిదిన్నర, మందం నాలుగున్నర అంగుళాలు. అటూ ఇటూ కాస్త ఖాళీ వేసుకుంటే మన సంచి లోపల 14, 10, 5 ఉండాలి.

మొదటిసారి నేనేం చేశానంటే, 14, 10 చూశాను, కుట్టుకి ఒక్కో అంగుళం కలిపాను, 15 బై 11 రెండు ముక్కలు కోసేశాను. కుట్టాక దిండు గలీబులా ముచ్చటగా వచ్చింది. బూట్లు పెట్టి జిప్ లాగితే సగంలో ఆగింది. ఇంకాస్త గట్టిగా లాగాను, రన్నర్ ఊడి చేతికొచ్చింది. మందం కూడా గుడ్డలోంచే రావాలి కదా. ఆ అయిదు అంగుళాలు ఎక్కడి నుంచి వస్తాయి, నేను లెక్కలోనే వేయలేదు.

కాబట్టి లెక్క ఇదీ. పొడవుకి మందం కలపండి, కుట్టుకి ఒక అంగుళం కలపండి. 14, 5, 1, మొత్తం 20. వెడల్పుకి కూడా అంతే. 10, 5, 1, మొత్తం 16. అంటే 20 బై 16 ముక్కలు రెండు. మళ్లీ చెప్తున్నా, 20 బై 16, రెండు. మీ బూట్లు వేరే సైజైతే ఈ అంకెలు వాడకండి, లెక్క మాత్రం ఇదే.

ఇప్పుడు ఒక్కో ముక్కకి నాలుగు మూలల్లోనూ చదరాలు కోసేయాలి. మందంలో సగం, అంటే రెండున్నర అంగుళాల చదరం. దీన్ని ఎక్కడి నుంచి కొలవాలి? గుడ్డ అంచు నుంచి. కుట్టు గీత నుంచి కాదు. నా రెండో సంచిలో కుట్టుకి వదిలిన అర అంగుళం తీసేసి అక్కడి నుంచి కొలిచాను, మందం ఆరు అంగుళాలైంది, పొడవులో ఆ అంగుళం తగ్గింది. బూట్లు పట్టీ పట్టనట్టు కూర్చున్నాయి. సుద్దతో గీసుకోండి, గీశాక టేపుతో ఇంకోసారి చూసుకోండి.

నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. ఒక్క న్యూస్‌పేపరు తీసుకోండి, ఇదే కొలతకి రెండు ముక్కలు కోసి స్టేప్లర్‌తో సంచి చేయండి. ఇదిగో నాది. బూట్లు పెట్టి చూశాను, పట్టాయి. గుడ్డ పాడవడం కన్నా పాత పేపరు పాడవడం నయం.

కోయడం అయిపోయింది. అంచులు పీచు లేస్తాయి, అందుకని కొవ్వొత్తి వెలిగించి అంచుని మంట పక్కనుంచి, పక్కనుంచే, పైనుంచి కాదు, ఇలా జరుపుకుంటూ పోతే కరిగి గట్టిపడుతుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి, వాసన వస్తుంది. జీన్స్‌కి ఈ పని చేయకండి, కాలిపోతుంది.

జాలీ కిటికీ. ఒక ముక్క మీద, మధ్యలో కాకుండా జిప్ వచ్చే అంచు వైపు, 8 బై 3 అంగుళాల కన్నం కోశాను. వెనకనుంచి జాలీ పెట్టి చుట్టూ రెండు వరసలు కుట్టేశాను. మధ్యలో ఎందుకు పెట్టలేదంటే అట్ట దంతాలు అక్కడే ఒరుసుకుంటాయి. మిషన్ మీద కుట్టు పొడవు అంకె మూడు దగ్గర పెట్టుకోండి, మరీ సన్నగా కుడితే గుడ్డ పోస్టల్ స్టాంపుల షీటులా ఆ గీత వెంబడే చిరుగుతుంది.

జిప్ మామూలే. మూలలు కోశాక పై అంచు 15 అంగుళాలు మిగిలింది కదా, జిప్ 18 కోసుకోండి, అటూ ఇటూ తోక ఉండనివ్వండి. సీదా మీద సీదా, అంటే గుడ్డ మంచివైపు మీద జిప్ మంచివైపు, జిప్ మధ్యలో, ఒకవైపు కాలు ఉండే ఫుట్‌తో ఒక కుట్టు. రెండో ముక్క కూడా అంతే. తిప్పి పైనుంచి ఇంకో కుట్టు. ఇస్త్రీ పెట్టకండి, గోరుతో గీస్తే చాలు మడత కూర్చుంటుంది.

రన్నర్‌ని సగం దాకా తెరిచి పెట్టండి. ఇప్పుడే. మూసి కుట్టేస్తే సంచిని తిరగేయడానికి దారి ఉండదు. ఇది నేను చేయలేదు, మా చెల్లి చేసింది. ఈ వీడియో చూస్తుంది, పేరు చెప్పను.

కింద అంచు కుట్టు, రెండు పక్కలా కుట్టు, టకటకా వేసేస్తున్నా. మూలలు మాత్రం ముట్టుకోకండి, అవి తెరిచే ఉండాలి.

ఇప్పుడు మూల. ఈ కన్నం చదరంగా ఉంది కదా. పక్క కుట్టునీ కింద కుట్టునీ వేళ్లతో పట్టుకుని ఒకదాని మీదికి ఒకటి తెస్తే చదరం కాస్తా సరళరేఖ అవుతుంది. అదిగో, అయింది. రెండు కుట్లూ ఎదురెదురుగా ఉన్నాయా? ఉన్నాయి. క్లిప్పు పెట్టి, అర అంగుళం వదిలి కుట్టేయండి. అదే సంచి అడుగుభాగం. జిప్ వైపు రెండు మూలల్లో మాత్రం కుట్టే ముందు ఒక్కోదానికి ఆరు అంగుళాల నవారు ముక్కని మడిచి లోపల పెట్టండి, చెవుల్లా బయటికి వస్తాయి. ఇక్కడ గుడ్డ, జిప్, నవారు అన్నీ కలిసి మందమైపోతుంది. మోటారు మిషనైనా సరే పెడల్ మీంచి కాలు తీసేసి చక్రం చేత్తో తిప్పండి. నేను ఇక్కడ రెండు సూదులు విరిచాను, ఒకటి ఎగిరి కళ్లద్దాలకి తగిలింది. మిగిలిన జిప్ తోక కత్తిరించేయండి.

తిరగేద్దాం. మూలల్లో వేలు పెట్టి తొయ్యండి. అదిగో, పెట్టెలా నిలబడింది. ఇవి కొత్త బూట్లు, పెడుతున్నా. ఒకటి ఇటు, ఒకటి అటు. జిప్ నలిగిపోకుండా చివరిదాకా వెళ్లింది. ఈ చప్పుడు వినబడుతోందా? నాకు దీనికోసం మూడు సంచులు పట్టింది.

పెట్టేముందు చేసేది త్వరగా చెప్తాను. బురద బ్రష్‌తో దులపండి, లోపలి మెత్త అట్టలు తీసి విడిగా ఆరబెట్టండి, నీడలోనే. ఎండలో, హీటరు ముందు పెడితే తోలూ జిగురూ దెబ్బతింటాయి. లేసులు వదులు చేయండి. లోపల న్యూస్‌పేపరు కుక్కండి, తడి బూట్లయితే పూటకోసారి మార్చండి. సిలికా జెల్ పొట్లాలు కూడా వేస్తాను, కాకపోతే కొత్త బ్యాగులో వచ్చిన పొట్లం మూడేళ్ల నుంచి డ్రాయర్లో ఉంటే అది ఎప్పుడో చెమ్మ తాగేసి ఉంటుంది, దాన్ని నమ్ముకోకండి. రంగు మారే గింజలుంటాయి, నారింజ నుంచి ఆకుపచ్చకి మారుతాయి, అవైతే తెలిసిపోతుంది, వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. గింజలు ఎక్కువ వేస్తే మంచిదని కాదు. మన సంచికి కిటికీ ఉంది, ఊరి తేమంతా అవి తాగలేవు. నెలకోసారి బూట్లు బయటికి తీసి, అట్టని రెండు చేతులతో వంచి చూడండి, పొరలో పగుళ్లు కనిపిస్తే ఆ బూట్లతో కొండెక్కకండి. వీలైతే ఆ రోజు ఇంటిచుట్టూ ఒక అరగంట వాటితోనే నడవండి.

ప్రయాణంలో అయితే, విమానంలో చేతి సామాను ఏడు కిలోలే కదా ఎక్కువగా, ఈ జత కిలోన్నర దాకా తూగుతుంది. అందుకే వెళ్లేటప్పుడు బూట్లు కాళ్లకే, సంచి మడిచి జేబులో. వచ్చేటప్పుడు బురదతో ఉంటాయి, అప్పుడు సంచిలో పెట్టి రెండు చెవుల్లోంచి రక్‌సాక్ పట్టీ దూర్చి బయట కట్టేస్తాను. రైలైతే బెర్తు కిందికి తోసేయడమే. జాలీ వైపు పైకి ఉండాలి.

ఆ, ఒకటి మర్చిపోయా. నవారు చెవికి ఈ అట్టముక్క కట్టాను చూడండి, పైన బూట్లు కొన్న నెల, కింద చివరిసారి తెరిచిన తేదీ. పెన్సిలుతో రాయండి, పెన్ను చెమ్మకి అలుక్కుపోతుంది. అమ్మ క్లిప్పుల కోసం వస్తోంది, ఆపేస్తున్నా.