పాకలో పెట్టిన బండి

శ్రోతలకు నమస్కారం.

చలి దేశాల్లో నవంబరు వచ్చిందంటే మోటారు సైకిలుని షెడ్డులో పెట్టి తాళం వేస్తారు. మళ్లీ తీసేది మార్చిలోనో ఏప్రిల్లోనో. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పుకి ఇనుము తుప్పు పడుతుంది. మనకి మంచు లేదు. ఉప్పంటారా, అంతర్వేది వైపు గాలే ఊరికే మోసుకొచ్చి పెడుతుంది. కోనసీమలో బండి మూలన పడడానికి కారణాలు వేరు. జూలై, ఆగస్టుల్లో గోదారి పొంగి కాజ్‌వేలు మునిగితే లంకల వాళ్లు బండిని ఇవతల ఒడ్డున చుట్టాలింట్లో వదిలి పడవెక్కుతారు. గల్ఫ్ వెళ్లినవాళ్ల బండ్లయితే రెండేసేళ్లు పాకలోనే.

మా బావ బండి అలాంటిదే.

మా మేనత్తది రాజోలు దగ్గర ఊరు. బావ కువైట్ వెళ్తూ బండిని పశువుల పాకలో పెట్టి, "అమ్మా, కాస్త చూస్తూ ఉండు" అన్నాడు. ఆవిడ చూడ్డమంటే మామూలుగా చూడలేదు. ప్రతి ఆదివారం పక్కింటి కుర్రాణ్ణి పిలిచి స్టార్ట్ చేయించేది. రెండు నిమిషాలు డుర్రుమనిపించడం, ఆపేయడం, వేడి మీదే నీలం టార్పాలిన్ కప్పి తాడు బిగించడం. ఒక్క ఆదివారం తప్పలేదు. ముసురు పట్టినా తప్పలేదు.

సంక్రాంతికి బావ వచ్చాడు. మొదటి కిక్కుకే బండి అందుకుంది. "చూశావుట్రా" అంది అత్తయ్య నాకేసి తిరిగి. సాయంత్రం ఇద్దరం ఎక్కాం. కాలవ గట్టు దాటలేదు, కింద నుంచి ట్రాక్టరు చప్పుడు! మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో అలా పొడిచాడో లేదో, సైలెన్సర్ అప్పడంలా విరిగింది. లోపల్నుంచి తినేసింది తుప్పు. తర్వాత ఇంజనాయిలు దింపి, "ఆయ్, ఇది ఆయిలాండీ, టీయాండీ?" అన్నాడు. నిజంగానే పాలెక్కువైన టీ రంగు.

సంగతేమిటంటే, లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీళ్లు పుడతాయి. నమ్మబుద్ధి కాదు గానీ నిజం. పెట్రోల్లోని హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే వచ్చేది నీరే. బండి నాలుగైదు ఊళ్లు తిరిగితే అంతా బాగా కాగి, ఆ ఆవిరి పొగతో పాటే పోతుంది. రెండు నిమిషాలకే ఆపితే చల్లటి సైలెన్సర్‌లో నీరై అడుగున నిలుస్తుంది. కొంత ఆయిల్లోకి దిగుతుంది. పాపం అత్తయ్య, వారం వారం కాసిని నీళ్లు పోసినట్టే.

అందుకని నేను చెప్పేది ఒక్కటే. ఊరికే స్టార్ట్ చేసి ఆపకండి. నడిపితే అరగంట రోడ్డు మీద నడపండి, లేదా అసలు ముట్టుకోకండి. సెల్ఫ్ నొక్కితే బ్యాటరీలోంచి పోయిన చార్జింగ్ కూడా రెండు నిమిషాల్లో తిరిగి రాదు. ఊరికే స్టార్ట్ చేసి ఆపకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను, టైము తక్కువ. పక్కన పెట్టేముందే ఆయిలు మార్చండి. మూడు నాలుగు నెలలకైతే ట్యాంకు నిండుగా ఉంచండి, లోపల గాలికీ చెమ్మకీ చోటుండదు. ఏళ్లకైతే పెట్రోలంతా తీసేయండి; కార్బురేటర్ బండైతే అందులో మిగిలింది కూడా. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమని లాగుతుంది. బండిని సెంటర్ స్టాండ్ వేసి, కింద చెక్క పెట్టండి. ఎలుకలు దూరకుండా సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కండి. కుక్కినట్టు గుర్తుగా హ్యాండిల్‌కి ఓ తాడు కట్టండి, లేకపోతే మరిచిపోతాం. పైన టార్పాలిన్ వద్దు, పాత నేత దుప్పటి చాలు, గాలాడుతుంది.

ఈసారి బావ వెళ్లేముందు ఇవన్నీ చేశాం. బ్యాటరీ విప్పి నేను మా ఇంటికి తెచ్చుకున్నాను, నెలకోసారి చార్జింగ్ పెడతానని మాటిచ్చి. అత్తయ్య మాత్రం ఆదివారం వచ్చేసరికి ఉండబట్టలేక ఫోన్ చేస్తుంది.

"ఏమీ చెయ్యక్కర్లేదంట్రా?"

"దుప్పటి దులుపు అత్తయ్యా, చాలు."

"మరి నీ దగ్గరున్న బ్యాటరీ?"

ఈ నెలది ఇంకా పెట్టలేదు. ఇంటికెళ్లగానే పెట్టాలి.

నమస్కారం.