సోమశిల గేట్లు, మైపాడు నీళ్లు

సభకు నమస్కారం.

స్కూబా, అంటే గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగున ఈదడం, నేర్చుకున్న మన యువతలో ఎక్కువమంది అండమాన్‌లోనో, విశాఖలోనో దిగి వచ్చినవాళ్లు. అక్కడ గాలి, అలల సంగతి శిక్షకుడు చూసుకుంటాడు. నెల్లూరు, ప్రకాశం తీరాల్లో ఒడ్డు నుంచి సొంతంగా దిగాలంటే ఆ పని మన నెత్తినే పడుతుంది. పైగా మనది ఇసుక నేల. నీరు కలక బారిందంటే చాచిన చెయ్యి మనకే కనిపించదు. అందుకే ఎక్కడ దిగాలన్నదానికంటే ఎప్పుడు దిగాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఆ లెక్క పెన్నా నది మీది సోమశిల ఆనకట్ట దగ్గర మొదలుపెట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. వానలకు పెన్నా పొంగుతుంది, సోమశిల గేట్లు ఎత్తుతారు, బురద నీరు సముద్రంలో కలుస్తుంది. ఆ నెలల్లో తీరం వెంబడి ప్రవాహం దక్షిణానికి సాగుతుంది. పెన్నా మొగకు, అంటే నది సముద్రంలో కలిసే చోటుకు, దక్షిణాన ఉన్నది మైపాడు. గుండ్లకమ్మ మొగకు దక్షిణాన ఉన్నది కొత్తపట్నం. మనవాళ్లు ఇష్టపడే రెండు తీరాలూ బురద వచ్చే దారిలోనే ఉన్నాయన్నమాట. వాన వెలిసి, ఆకాశం నీలంగా ఉన్న రోజున కూడా అడుగున ఏమీ కనిపించకపోవడానికి కారణం ఇదే. ఇక తుఫానుల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 1989 నవంబరులో కావలి దగ్గర, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటినవి ఈ కాలంలో వచ్చినవే. నన్నడిగితే ఆ మూడు నెలలూ సిలిండరు ముట్టుకోవద్దు.

సంక్రాంతి వెళ్లాక నీరు తేరుకోవడం మొదలవుతుంది. ఫిబ్రవరి నుంచి ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది, మే దాకా అలాగే ఉంటుంది. నా దృష్టిలో ఫిబ్రవరి, మార్చి మనకు దక్కే మంచి నెలలు. అయితే అవి తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు కూడా. రాత్రిపూట ఇసుక మీద లైట్లు వేసుకుని హడావిడి చేయకండి. పగలైనా పది దాటితే సముద్రపు గాలి లేస్తుంది కాబట్టి, తొమ్మిదింటికల్లా ఒడ్డుకు చేరేలా చూసుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో ఒక మోసం ఉంది. ఇక్కడ గాలి ఉండదు, ఆకాశంలో మబ్బు ఉండదు. కానీ ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలు రోజుల తరబడి ప్రయాణించి మన ఒడ్డుకు వస్తాయి. వాటిని ఎత్తు చూసి పోల్చలేం, అలకూ అలకూ మధ్య వ్యవధి చూడాలి. ఒకేచోట విరిగే పది అలలకు ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసి పదితో భాగించండి. స్థానిక గాలికి లేచిన అయిదు సెకన్ల అల కదలిక దాదాపు 20 మీటర్ల లోతుకు వచ్చేసరికి అణగిపోతుంది. పద్నాలుగు సెకన్ల అలది 150 మీటర్ల దాకా దిగుతుంది. లోతు తక్కువున్న మన తీరంలో అది అడుగు ఇసుకనంతా లేపి కలిపేస్తుంది, మనిషిని ముందుకూ వెనక్కూ ఊపేస్తుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ అలల ఎత్తుతో పాటు వ్యవధిని కూడా ముందుగా ప్రకటిస్తుంది. మనవాళ్లు ఎత్తు చూసి ఫోను పక్కన పెట్టేస్తారు, అదే నాకు నచ్చని పని.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉదయం పూట పడమటి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డు దగ్గర నీరు చదునుగా, ఎంతో మర్యాదగా కనిపిస్తుంది. పైకి తేలినవాణ్ని మాత్రం ఆ గాలి సముద్రం లోపలికి నెట్టుకుపోతుంది.

ఇక దిగే రోజు ఉదయం చేయాల్సిన పని. సగం నీళ్లు నింపి, మూత బిగించిన సీసాను అలలు విరిగే చోటుకు అవతల వదలండి. ఖాళీ సీసా అయితే గాలికి కొట్టుకుపోతుంది, ప్రవాహం సంగతి చెప్పదు. ఒడ్డున ఒక తాటిచెట్టును గుర్తు పెట్టుకుని సీసా ఎటు కదులుతుందో చూడండి. పోయేటప్పుడు ప్రవాహానికి ఎదురుగా పోవాలి, వచ్చేటప్పుడు దానితో రావాలి. మార్చిలో అయితే సాధారణంగా ముందు దక్షిణానికి. సిలిండరులోని గాలిలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది ముట్టకూడదు. సీసా మరీ వేగంగా పోతుంటే ఆ రోజు టిఫిన్ తిని ఇంటికి వెళ్లండి. తర్వాత సీసాను తిరిగి తీసుకోవడం మరచిపోవద్దు.

దిగే ముందు పాలెంలో పెద్దవాళ్లను అడగండి: "అన్నా, రాత్రి వలలు ఎటు వేశారు?" నైలాను వల నీటిలో కనిపించదు, కాలికి తగిలాకే తెలుస్తుంది. నడుముకు కత్తి ఉండాలి, పక్కన తోడు ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, వలలు ఉండవనుకోకండి. నిషేధం మర పడవలకే, సంప్రదాయ తెప్పలు ఆగవు.

ఒడ్డున ఒక మనిషిని కూర్చోబెట్టండి. మీరు తిరిగి రావలసిన సమయం కాగితం మీద రాసి ఆ మనిషి చేతికివ్వండి. ఆ సమయం దాటితే ఎదురుచూడకుండా తీర రక్షక దళానికి 1554కు ఫోను చేయాలి. ఇక మీ ప్రశ్నలు అడగండి.